పుల్లటి నేల

మా ఇంటికి వచ్చాక వదిన పెట్టిన మొదటి చిక్కుడుపాదు మూరెడు లేచి ఆగిపోయింది. ఆకులు ముందు పాలిపోయాయి, తర్వాత అంచులు మాడాయి, ఆ తర్వాత ఒక్కొక్కటే రాలిపోయాయి. పక్కన చల్లిన తోటకూర వేలెడు ఎత్తులోనే ముదిరిపోయింది. వంగమొక్కలు చావలేదు గానీ బతికినట్టూ లేవు. ఆవిడ పొద్దున్నే వెనకగుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని వాటిని చూస్తూ కూర్చునేది. నేను లోపల మిషన్ మీద జాకెట్లు కుడుతూ ఆవిడ వీపు చూస్తుండేదాన్ని.

వదిన అంటే మా ఆయన అక్క, అతను అప్ప అని పిలుస్తాడు. వాళ్ల నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేస్తూ పోతే, ఇంట్లో పెద్దపిల్ల అని ఈవిడకి ఉద్యోగం ఇచ్చారు. బుకింగ్ కౌంటర్లో కూర్చుని తమ్ముణ్ణి చదివించింది, పెళ్లి చేసింది. తను చేసుకోలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆవిడ ఉన్న క్వార్టర్ వెనక పెరడు మాత్రం ఆ లైనంతా ఎరుగుదురు. సీజన్లో చిక్కుళ్లు కంచె మీంచి పక్కింటి గోడెక్కేవి. బెంగాలీవాళ్లు, బీహారీవాళ్లు, మనవాళ్లు అందరూ సంచులు పట్టుకొచ్చేవాళ్లు. ఆవిడ చేతి చలవ అనేవారు. ఎండిన కర్రముక్క గుచ్చినా చిగురేస్తుందనేవారు.

రిటైరయ్యే ఏడే ఆవిడ కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. క్వార్టర్ ఖాళీ చేయాలి, ఒంటరిగా ఉండే ఒళ్లు కాదు. మేము అప్పుడే తాల్‌బగీచా చివర చిన్న ఇల్లు కట్టుకుని దిగాం. నా పెళ్లయిన దగ్గర్నుంచీ మేడమీద అద్దెగదుల్లోనే ఉన్నాం. తులసికోట కూడా పెట్టుకోవడానికి లేని ఇళ్లు. అందుకే ఇంటి వెనక మిగిలిన ఆ కాస్త జాగా చూసుకుని నేను చాలా అనుకున్నాను. వదిన వచ్చింది, ఆ జాగా ఆవిడదైంది. ఇద్దామని ఇవ్వలేదు, తీసుకుందామని ఆవిడా తీసుకోలేదు. ఆవిడకు మొక్కలు తెలుసు, నాకు తెలియవు, అంతే.

వారానికి మూడుసార్లు డయాలసిస్. మా ఆయనది విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టులు. కాబట్టి టోటో అనే బ్యాటరీ ఆటోని పిలవడం, ఆవిణ్ణి ఎక్కించడం, ఆసుపత్రి బెంచీ మీద కూర్చోవడం, తిరిగి తీసుకొచ్చి పడుకోబెట్టడం నా పని. ఇంటికొచ్చి ఆవిడకు వేరే వంట. ఉప్పు తక్కువ, పప్పు తక్కువ, నీళ్లు కొలిచి. ఆకుకూరైతే రెండుసార్లు ఉడికించి నీళ్లు వార్చేయాలి. తర్వాత మిషన్. రాత్రి పడుకుంటే ఒళ్లు నిద్రపోయేది గానీ అలసట నిద్రపోయేది కాదు.

చిక్కుడుపాదు పూర్తిగా ఎండిన రోజు వదిన దాన్ని పీకి, వేళ్లు చూసింది. కురచగా, నల్లగా ఉన్నాయి.

"నా సెయ్యి పోయిందమ్మాయ్" అంది.

ఎడమ చెయ్యి చాపి చూపించింది. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి నరం కలిపిన చెయ్యి అది, తాడులా ఉబ్బి ఉంటుంది. దాంతో బరువు ఎత్తకూడదు.

"మట్టి బాగోనేదేమో వొదినా" అన్నాను.

"మట్టికేటి. నేనెక్కడ పెట్టినా వొచ్చేది."

ఆ తర్వాత ఆవిడ వెనకగుమ్మంలో కూర్చోవడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. తినమంటే తినేది, లేమంటే లేచేది. ఒక పొద్దున టోటో వచ్చి వీధిలో హారన్ కొడుతుంటే, "నేను ఎల్లను" అంది. మా ఆయన అప్పుడే నైట్ షిఫ్ట్ దిగి వచ్చాడు. బూట్లు కూడా విప్పకుండా మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"అప్పా, ఇలగ అంటే ఎలగ. లే."

"ఎన్నాళ్లు ఎల్తాన్రా. మొక్కలకి నీళ్లోసినాను, పట్టనేదు. నాకూ అంతే."

అతను నిద్రలేని కళ్లతో నావైపు చూశాడు. బయట టోటో అతను "దీదీ, దేరీ హోచ్ఛే" అని కేకేశాడు, ఆలస్యమవుతోందని. చివరికి ఆవిడే లేచింది. మా ఇద్దరి మొహాలూ చూసి లేచిందనుకుంటాను. దారంతా నా భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. ఆ రోజు బెంచీ మీద కూర్చుని నేను అనుకున్నది ఒక్కటే. ఇలా ప్రతిసారీ బతిమాలి తీసుకురావాలంటే నా వల్ల కాదు. ఆ పెరడు చావడానికి కారణం ఆవిడ చెయ్యి కాదని ఎలాగోలా ఆవిడకు తెలియాలి. ప్రేమ కొంత ఉంది, లేదనను. అలసటే ఎక్కువ.

మట్టి చూడటం నాకేం తెలుసు. ఫోన్లో వెతికితే ఇంట్లోనే చేసుకునే పరీక్షలు కనిపించాయి. మొదట గుంట తీసి బకెట్ నీళ్లు పోశాను. మధ్యాహ్నానికీ ఇంకలేదు, సాయంత్రానికీ ఇంకలేదు. మర్నాడు పొద్దున చూస్తే అడుగున ఇంకా బురదనీళ్లు ఉన్నాయి, దోమలు వాలుతున్నాయి. తర్వాత ఖాళీ పచ్చడి సీసాలో మట్టీ నీళ్లూ పోసి గిలక్కొట్టి కిటికీలో పెట్టాను. గులకరాళ్లు, ఇసుక టకటకా కిందకి దిగాయి. పైన ఎర్రటి బంకనీళ్లు మాత్రం తేరుకోనేలేదు. చివరికి తడిమట్టి పళ్లెంలో వేసి వంటసోడా చల్లాను. సన్నగా బుడగలు లేచాయి.

వదిన మంచం మీంచి చూస్తోంది. "ఏటే అది, వంట సేస్తన్నావా" అంది.

"మట్టికి పులుపుందో నేదో సూస్తన్నాను."

"ఉన్నాదా?"

"ఉన్నట్టే ఉన్నాది."

ఆవిడ మళ్లీ గోడవైపు తిరిగింది గానీ, కాసేపటికి "బ్లాక్ ఆఫీసులో పరీక్ష సేస్తారు, అక్కడ ఇయ్యి" అంది. వ్యవసాయం వాళ్ల ఆఫీసు సంగతి కౌంటర్లో ఉన్నప్పుడు ఎవరో ప్రయాణికుడు చెప్పాడట.

మట్టి ఎలా తీయాలో ఆ ఆఫీసులో ఉన్న బెంగాలీ అమ్మాయి చెప్పింది. పైన చెత్త గీరేయాలి, జానెడు లోతు గుంట తీసి గోడ నుంచి మట్టి చెక్కాలి, జాగాలో నాలుగువైపులా అలాగే తీసి అన్నీ కలపాలి. కుప్ప చేసి నాలుగు భాగాలుగా గీసి, ఎదురెదురు రెండు పారేయాలి, మిగిలింది మళ్లీ కలపాలి. అలా నాలుగైదు పిడికెళ్లు మిగిలేదాకా. నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో తేవాలి. ఆరబెట్టిన మట్టిలో గులకరాళ్లు ఏరుతుంటే నా నడుం పట్టేసింది. వదిన మంచం దిగి వచ్చి పళ్లెం తన ముందుకు లాక్కుంది. కుడిచేత్తో ఒక్కో రాయీ తీసి పక్కన పెట్టసాగింది. నేను వెళ్లి పొయ్యి మీద అన్నం పెట్టాను.

ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. నేను వెళ్లి అడిగితే ఆ అమ్మాయే కాగితం తీసి చదివింది. "మాటీ ఖూబ్ టక్, దీదీ" అంది. మట్టి బాగా పుల్లగా ఉందట. ఇక్కడి ఎర్రనేల సహజంగానే అంత, దానికి తోడు మా జాగాలో పైమట్టి ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు, మిగిలింది కంకరనేల. అందులో సారం లేదు. సున్నం వేయమంది. సున్నం వేసి కొన్నాళ్లాగి పేడఎరువు వేయమంది. వానలకి ధోయించా విత్తనం చల్లి, పూతకి రాకముందే కోసి మట్టిలో తొక్కేయమంది. కూరలు చలికాలం వచ్చేదాకా వద్దు, అసలు బాగుపడటానికి సంవత్సరం దాటుతుంది అంది. ధోయించా అంటే మన జీలుగ, పచ్చిరొట్ట ఎరువు.

ఆ మాటలన్నీ ఎలా చెప్పాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. సంవత్సరం అనే మాట ఆవిడ ముందు ఎవరూ అనరు. డాక్టర్ కూడా వచ్చే వారం సంగతే మాట్లాడతాడు.

వదిన కళ్లజోడు పెట్టుకుని కాగితం కిటికీ దగ్గర పట్టుకుని చదివింది. తన రక్తపరీక్షలు చదువుకునే అలవాటు కదా, ఒక్కో వరసా వేలు పెట్టి చూసింది.

"దీనికీ పొటాషియం రాసినారేటి" అంది.

"మొక్కలకి కావాలంట."

"నాకు ఎక్కువైపోతాదని పండు తిననియ్యరు. దీనికి తక్కువంట. నా ఒంట్లోది కాస్త దీనికి పోసేస్తే ఇద్దరికీ బాగుణ్ణు."

చాలా రోజుల తర్వాత నవ్వింది. నేనూ నవ్వాను.

"అయితే నా సెయ్యి కాదు" అంది.

"కాదు వొదినా. సున్నం వెయ్యాలి, ఎరువెయ్యాలి. సలికాలం దాకా కూరలు వొద్దంట. బాగవడానికి సంవత్సరం దాటుతాదంట."

ఆవిడ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"సరే, దాని జబ్బు దానిది. మొదలెట్టండి" అంది. కాసేపాగి, "నేను మద్దెలో పోతే వొదిలీకు, సగం సేసి" అంది.

"నాకంత ఓపిక నేదు వొదినా. మీరుండి సేయించుకోండి."

అది నేను ఆలోచించి అన్న మాట కాదు. నిజంగానే ఓపిక లేదు. ఆవిడ నా మొహం చూసింది. కోప్పడలేదు. "సరే అయితే" అంది.

తవ్వడం ఎండలు ముదరకముందే మొదలుపెట్టాం. మా ఆయనకు ఆఫ్ ఉన్న రోజుల్లో అతను గునపం పట్టేవాడు, నేను పారతో లాగేదాన్ని. పైన జానెడు మట్టి. దాని కింద గునపం దిగేది కాదు, కొడితే ఖంగుమనేది. నీళ్లు ఎందుకు ఇంకలేదో అప్పుడు అర్థమైంది. రాత్రి నీళ్లు పోసి నానబెట్టి, పొద్దున పొడిచేవాళ్లం. ఇల్లు కట్టినవాళ్లు వదిలేసిన ఇటుకముక్కలు, సిమెంటు గడ్డలు, ఒక చెప్పు, విరిగిన కప్పులు వచ్చాయి. మా ఆయన కొడుతూనే ఉండేవాడు. వారమంతా ఫ్యాక్టరీలో ఇనుముతో పని, సెలవురోజు రాతితో పని. ఒకసారి గునపం ఆనుకుని నిలబడే కునికిపాటు పడ్డాడు. వదిన చూసి, "రేయ్, సాలు, పో పడుకో" అంది. పడుకోలేదు. ఆ మూల అయ్యేదాకా కొట్టాడు. చిన్నప్పుడు వాళ్లప్ప తన కోసం ఏం చేసిందో అతను ఎప్పుడూ నాతో చెప్పడు. ఆ మధ్యాహ్నం కొంత తెలిసినట్టయింది.

వదిన ప్లాస్టిక్ కుర్చీలో నీడ చూసుకుని కూర్చునేది. మేం తవ్విపోసిన మట్టిని జల్లెడలో వేసుకుని ఒక్క చేత్తో ఆడించేది. ఎండకు దాహం వేసేది, నీళ్లు తాగకూడదు. నోట్లో చిన్న ఐసుముక్క పెట్టుకుని దాన్ని కరగనిస్తూ కూర్చునేది. డయాలసిస్ ఉన్న రోజున మాత్రం లేచేది కాదు. మర్నాడు మళ్లీ కుర్చీ.

సున్నం చల్లిన రోజు మేమిద్దరం మొహాలకి పాత చున్నీలు కట్టుకున్నాం. వదినను లోపలికి పొమ్మంటే తలుపు వేసుకుని కిటికీలోంచి "అటు ఎక్కువ పడ్డాది, ఇటు నేదు" అని చెప్పింది. తర్వాత కొన్నాళ్లకు దగ్గర్లో బీహారీవాళ్ల పశువులపాక నుంచి మాగిన పేడ వ్యాన్ రిక్షాలో వచ్చింది. రిక్షా అతను వీధిలో దింపి పోయాడు. గమేలాతో వెనక్కి మోసింది నేనే. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు గుమ్మంలోకి వచ్చి వాసనకి ముక్కు మూసుకుని వెళ్లిపోయేవారు.

వానలు పడ్డాక వదిన జీలుగ చల్లింది. కుడిచేత్తో, నడుస్తూ, వేళ్ల మధ్యనుంచి జారవిడుస్తూ. ఎడమ చెయ్యి కొంగులో కట్టుకుంది. ఎలా చల్లాలో నాకు నేర్పమంటే, "ఇందులో నేర్పేదేటి, సూస్తావుండు" అంది. నాలుగో రోజుకే మొలకలు కనిపించాయి. తర్వాత అది పెరగడం చూస్తే ఆశ్చర్యమేసింది. నడుమెత్తు, భుజమెత్తు, నా తలెత్తు. సన్నటి ఆకులు సాయంత్రం ముడుచుకునేవి. ఏ పురుగూ పట్టలేదు. వదిన మళ్లీ వెనకగుమ్మంలో పీట వేసుకుంది.

కోయాల్సిన రోజులు దుర్గాపూజ ముందు పడ్డాయి. కూలివాళ్లు దొరకలేదు. అందరూ పందిళ్ల పనుల్లో ఉన్నారు. మా ఆయనకి డబుల్ డ్యూటీలు. నా మిషన్ పక్కన జాకెట్ల మూట పెరిగిపోతోంది, పూజకే అందరికీ కావాలి. ఇక ఆగితే పూత వచ్చి కాడ కట్టెబారిపోతుంది. కొడవలి తీసుకుని నేనే దిగాను.

"ఇంత పచ్చగా ఉన్నాదాన్ని కోసి తొక్కేస్తామేటి" అంది వదిన గుమ్మంలోంచి. ఆ నేలమీద మేము చూసిన మొదటి పచ్చదనం అదే.

"అందుకే కదా వేసినాం."

"తెలుసులే. అన్నానంతే."

ముందురోజు వాన పడింది. నేల మెత్తగా ఉంది, బురద మడమల దాకా. కోసి పడేసినవి ముక్కలు చేయాలి, మట్టిలోకి తొక్కాలి. సగం కోసేసరికి నా కుడి భుజం పనిచేయడం మానేసింది. నేను ఆ కోసిన కుప్పమీదే కూలబడ్డాను. చీర అంతా బురద. ఏడుపు కూడా రాలేదు. కొడవలి చేతిలోనే ఉంది, దాన్ని ఎటు పెట్టాలో కూడా తోచలేదు.

"నా వల్ల కాదు వొదినా" అన్నాను. ఆ కోత గురించే అన్నానో, అన్నిటి గురించీ అన్నానో నాకే తెలియదు.

పీట చప్పుడైంది. తలెత్తి చూస్తే ఆవిడ చీర పైకి దోపుకుని మెట్టు దిగుతోంది. ఆవిడ పాదాలు వాచి ఉన్నాయి. ముందురోజే డయాలసిస్ అయినా వాపు పూర్తిగా తీయలేదు.

"రావొద్దు, జారతారు."

"నా సెయ్యి కదా బాగోనిది. కాళ్లతో తొక్కగలను" అంది.

వచ్చి నా ముందు నిలబడి కుడి చెయ్యి చాపింది. లేవడానికి పట్టుకున్నానే గానీ బరువు వేయలేదు. తర్వాత నా భుజం పట్టుకుని తొక్కడం మొదలుపెట్టింది. ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు. కాడలు కాలికింద పుటుక్కున విరిగేవి, పచ్చివాసన వచ్చేది. నేను పక్కన తొక్కాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని, పడిపోకుండా చూసుకుంటూ, ఆ మడంతా తిరిగాం. పక్కింటి బెంగాలీ ఆవిడ డాబా మీంచి బట్టలు తీస్తూ నిలబడిపోయింది. "ఏమిటి, డాన్స్ చేస్తున్నారా దీదీ" అని బెంగాలీలో అడిగింది. వదిన అదే భాషలో, "అవును, నువ్వూ రా" అంది.

మిగతా సగం కూడా ఆగి ఆగి కోసి తొక్కాక చివరి వరస మిగిలింది. కొడవలి ఎత్తబోయాను.

"అది వొదిలీ" అంది వదిన. "పువ్వెలగుంటాదో సూద్దాం."

వాదించే ఓపిక లేదు. వదిలేశాను. లోపలికి వచ్చి ఆవిడ కాళ్లు కడిగాను. ఆవిడ మంచం మీద కూర్చుని, నేను వంగి ఉండగా నా జుట్టులో చిక్కుకున్న ఆకులు తీసింది. "నిన్ను బాగా కష్టపెడతన్నాను" అంది.

"అవును" అన్నాను.

"ఊఁ" అంది ఆవిడ. కాదనకపోవడం ఆవిడకు నచ్చిందనుకుంటాను. ఆ రాత్రి అన్నం అడిగి పెట్టించుకుంది.

ఆ వరస కొన్నాళ్లకు పూసింది. పసుపు పువ్వులు, వాసన ఏమీ లేదు. కిందికి వేలాడుతూ ఉండేవి. తేనెటీగలు వచ్చేవి. తర్వాత కాడలు గట్టిపడితే మా ఆయన కోసి పక్కన పెట్టాడు, పాదులకి ఊతకి పనికొస్తాయని.

చలి మొదలయ్యాక పాలకూర, ముల్లంగి, చిక్కుడు పెట్టాం. అన్నీ బాగా వచ్చాయని చెబితే అబద్ధం. నీళ్లు నిలిచే మూలలో ఈసారీ ఏదీ మొలవలేదు. ముల్లంగి అడుగున రాయి తగిలి వంకర్లు తిరిగింది, రెండు కాళ్ల మనిషిలా ఒకటి వస్తే వదిన దాన్ని వంటింటి కిటికీలో పెట్టింది. టమాటాలు వద్దనుకున్నాం, ఆవిడకు పనికిరావు. చిక్కుడు మాత్రం జీలుగ కాడలు దాటి పైకి ఎగబాకింది. గోడదాకా పోలేదు గానీ, కాసింది. పక్కింటికి ఒక గిన్నెడు ఇచ్చాం.

పాలకూర మొదటి కోత నేను కోసి కడిగాను. ఒకసారి ఉడికించి నీళ్లు వార్చాను. మళ్లీ నీళ్లు పోసి ఉడికించి వార్చాను. ఆకులో పచ్చదనం కూడా ఆ నీళ్లతోనే పోయింది. ఉప్పు లేకుండా రెండు మిరియాలు వేసి వదిన కంచంలో కాస్తంత పెట్టాను, డాక్టర్ ఎంత అంటే అంతే. మా ఆయన డే షిఫ్ట్ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది.

"ఎలగున్నాది" అన్నాను.

"గడ్డి" అంది. "సప్పటి గడ్డి."

కంచంలో ఉన్నది మొత్తం తింది. చెయ్యి కడుక్కుని వెనకగుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ఆ మొలవని మూలవైపు చూపించి తమ్ముడితో, "అక్కడ ఇంకా లోతు తవ్వాలిరా. ఆదివారం నీకు ఆఫేనా" అంది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆఫే అప్పా" అన్నాడు.

నేను గిన్నెలు తోముకోవడానికి వెళ్లాను.